బందరుకు మరో కొబ్బరికాయ

కృష్ణా జిల్లాలో ఏ ఫ్యాక్టరీకి తాళం పడినా ఒక్క పరిశ్రమ మాత్రం నిక్షేపంగా నడుస్తోంది. దానికి ముడిసరుకు కొరత లేదు, కరెంటు కోత లేదు, కార్మికుల సమ్మె అసలే లేదు. ఓ షామియానా, ఓ కొత్త గునపం, పసుపు రాసిన కొబ్బరికాయ, పేర్లు చెక్కిన నల్లరాతి పలక ఉంటే సరుకు తయారు. ఆ పరిశ్రమ పేరు శంకుస్థాపన. హెడ్డాఫీసు మచిలీపట్నం, అదే మన బందరు.

నమ్మకపోతే లెక్క చూసుకోండి. 2008 ఏప్రిల్‌లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి బందరు పోర్టుకు శంకుస్థాపన చేశారు. ఏడాది తిరగకముందే సత్యం కంపెనీ కుప్పకూలింది. దాని చుట్టం మేటాస్ చేతిలో ఉన్న పోర్టు కూడా దాంతోపాటే మూలపడింది. కాంట్రాక్టు చేతులు మారింది. 2019 ఫిబ్రవరిలో, సరిగ్గా ఎన్నికల ముంగిట, చంద్రబాబునాయుడు పైలాన్ ఆవిష్కరించి పనులు మొదలయ్యాయన్నారు. ఆ ఆగస్టులో కొత్త ప్రభుత్వం ఆ కాంట్రాక్టు రద్దు చేసింది. 2023 మే 22న జగన్మోహన్‌రెడ్డి తపసిపూడి దగ్గర మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టారు. ఒకే పిల్లకు మూడుసార్లు నిశ్చితార్థం. మూడుసార్లూ పెళ్లికొడుకు మారాడు, భోజనాల ఖర్చు మాత్రం పిల్ల తండ్రిదే.

బందరుకోటలో డచ్చివాళ్ల సమాధులున్నాయి. పురావస్తు శాఖ రక్షణలో ఉన్న స్థలం, బందరు వెళ్లినవారు ఓసారి చూసి రావచ్చు. మూడు వందల ఏళ్లు దాటిన రాళ్ల మీద పేర్లు, తేదీలు, వంశ చిహ్నాలు, అక్షరాలు ఇంకా చెరిగిపోలేదు. అయితే డచ్చివాళ్లలో ఓ మర్యాద ఉంది. పని పూర్తి చేసుకుని, లాభం దండుకుని, చచ్చాకే రాతి మీద పేరు చెక్కించుకున్నారు. మనవాళ్లకు అంత ఓపిక లేదు.

పోర్టు కోసం జరిగిన మూడు సభల్లోనూ మైకులో వినపడిన మాట ఒకటే: బందరుకు పూర్వవైభవం తెస్తాం. ఆ వైభవం ఏమిటో, దాన్ని తెచ్చిందెవరో మాత్రం ఏ వేదిక మీదా చెప్పరు. చెబితే చిక్కు. చెప్పిన మరుక్షణం బెర్తుల లెక్కా, కాంట్రాక్టు లెక్కా పక్కన పెట్టి ఇంకో లెక్క తీయాల్సి వస్తుంది.

ఆ లెక్క నేను తీస్తాను. గోల్కొండ కుతుబ్‌షాహీల కాలంలో మచిలీపట్నం తూర్పు తీరానికంతటికీ పెద్ద రేవు. డచ్చివాళ్లు 1605 ప్రాంతంలోనే వచ్చి ఇక్కడ గిడ్డంగి పెట్టారు. ఇంగ్లీషు కంపెనీ ఓడ 1611లో వచ్చింది. తర్వాత ఫ్రెంచివాళ్లు వచ్చారు. పర్షియా వర్తకులు అంతకు ముందే ఉన్నారు. ఇంతమంది ఎగబడ్డారంటే ఇక్కడ బ్రహ్మాండమైన హార్బరు ఉండేదనుకుంటారు. లేదు. ఒడ్డున నీళ్లు లోతు తక్కువ. పెద్ద ఓడలు మైళ్ల దూరంలో సముద్రంలోనే లంగరు వేసి నిలబడేవి. మూటలు పడవల్లోకెక్కించి, అలల్లో ఊగుతూ మోసేవారు. బెర్తు లేదు, క్రేను లేదు, బ్రేక్‌వాటర్ లేదు, ఐదువేల కోట్ల అంచనా వ్యయం లేదు. అయినా ప్రపంచం వచ్చి లైను కట్టింది.

ఎందుకంటారా? గుడ్డ కోసం. తూర్పు దీవుల్లో మిరియాలు, లవంగాలు పండించేవాళ్లు డచ్చివాడి వెండి చూసి ఊరుకోలేదు, మాకు కృష్ణా, గోదావరి తీరపు గుడ్డ కావాలన్నారు. పర్షియాలో అద్దకం బట్టలు పరుపుల మీద, గోడల మీద, ఒంటి మీద వెలిశాయి. అందుకే మన అద్దకంలో ఈనాటికీ పర్షియా తీగలు, పూలు, కమానులు కనిపిస్తాయి. గిరాకీదారుడి అభిరుచి పట్టుకుని, దానికి తగ్గ అచ్చు చెక్కించిన వ్యాపార బుద్ధి అది. ఇవాళ దాన్ని మార్కెట్ రీసెర్చ్ అని పేరు పెట్టి నేర్పడానికి లక్షల ఫీజు తీసుకుంటారు.

ఓడలు రేవు చూసి రాలేదు, గుడ్డ చూసి వచ్చాయి. ఈ చిన్న ముక్క సచివాలయంలో ఎవరికైనా చెప్పి చూడండి. ఫైలు కింద పెట్టి, ఎంతో దయగా, టీ తాగి వెళ్లమంటారు.

ఆ గుడ్డ ఎలా తయారయ్యేదో చూడాలంటే బందరు పక్కనే పెడన ఉంది, ఇవాళ ఆ అద్దకాన్ని కలంకారీ అంటున్నారు. తెల్లగుడ్డను కరక్కాయ కషాయంలో, గేదె పాలలో నానబెట్టి ఆరేస్తారు. గోనెపట్టాలు పరిచిన బల్ల మీద గుడ్డ పరిచి, టేకు అచ్చు రంగులో ముంచి, గుద్ది, మళ్లీ ముంచి, మళ్లీ గుద్దుతారు. నలుపు ఎక్కడిదంటే తుప్పు పట్టిన ఇనుప ముక్కలు, బెల్లం నీళ్లలో రోజుల తరబడి పులిసిన కసీం నుంచి. ఎరుపుకు పటిక. అద్దేటప్పుడు ఆ పటిక గీత కనీ కనపడదు. పారే కాలువలో గుడ్డను జాడించి అదనపు పటిక వదిలించాక, రాగి గుండిగలో వేసి సురుడు చెక్కతో, జాజి ఆకుతో ఉడికిస్తే అప్పుడు పూలు ఎర్రబడతాయి. మంట ఎక్కువైతే రంగు ముదురుతుంది, తక్కువైతే పాలిపోతుంది. గుండిగ దగ్గర నిలబడ్డ మనిషికి థర్మామీటరు ఉండదు, వాడి చేతికున్న తెలివే థర్మామీటరు. పూర్వం ఆ ఎరుపు చిరివేరు నుంచి వచ్చేది. సముద్రపు ఇసుక నేలల్లో పెరిగే చిన్న మొక్క వేరు. నిజాంపట్నం వైపు వేరుకు మరీ పేరు. ఎన్ని ఉతుకులు ఉతికినా దిగని ఎరుపు అది. అప్పటి యూరప్‌లో గుడ్డ మీద అద్దిన రంగు ఉతికితే పోయేది. వాళ్లకు అర్థంకాని రహస్యం ఇదే.

అర్థంకాకపోతే ఏం చేస్తారు? నిషేధిస్తారు. 1686లో ఫ్రాన్సు మన అద్దకపు బట్టల మీద నిషేధం పెట్టింది. 1700లో ఇంగ్లండు చట్టం చేసింది. చాలలేదు, జనం కట్టుకోవడం మానలేదు. 1721లో మరో చట్టం: కట్టుకుంటే కూడా నేరం. స్వేచ్ఛా వాణిజ్యం గురించి మనకు పాఠాలు చెప్పిన దేశం తన ఆడవాళ్ల గౌను మీద పూలకు జరిమానా వేసిన సంగతి పాఠ్యపుస్తకాల్లో ఎందుకో చిన్న అక్షరాల్లో ఉంటుంది.

నిషేధంతో పాటు దొంగతనమూ నడిచింది. 1742లో కూర్దూ అనే ఫ్రెంచి పాదిరీ ఈ తీరంలోనే తాను కొత్తగా క్రైస్తవంలోకి తెచ్చిన అద్దకపువాళ్లను అడిగి, కరక్కాయ దగ్గర్నుంచి ఉతుకు దాకా పద్ధతంతా ఓ పెద్ద ఉత్తరంగా స్వదేశానికి రాశాడు. ఆయన తెలుగు బాగా నేర్చినవాడు, నిఘంటువు కూడా కూర్చాడు. భాషాభిమానులు ఆ నిఘంటువుకు దండం పెట్టండి, తప్పులేదు, కానీ ఆ ఉత్తరం కూడా జేబులో పెట్టుకుని పెట్టండి. ఆ తర్వాత లాంకషైర్ యంత్రాలు వచ్చాయి. 1868లో జర్మన్ రసాయనవేత్తలు అలిజరిన్‌ను ప్రయోగశాలలో తయారుచేశారు. చిరివేరు తవ్వేవాడి పని అక్కడితో అయిపోయింది. మన గుడ్డను చట్టం పెట్టి ఆపి, మన విద్యను ఉత్తరంలో పట్టుకెళ్లి, చివరికి వాళ్ల గుడ్డను తెచ్చి మన అంగట్లోనే అమ్మారు.

ఇక్కడిదాకా చెప్పి ఆపితే నాకు చప్పట్లు గ్యారంటీ. తెల్లవాణ్ని తిట్టడం సులువు, వాడు ఎదురు మాట్లాడడు, కేసు పెట్టడు, టికెట్టు కూడా అడగడు. కాబట్టి మిగిలింది కూడా చెప్పాలి. గోల్కొండ కాలంలోనే రేవుల్నీ శిస్తుల్నీ వేలం పాడుకున్నవాళ్లు నేతగాడి వీపు చీరారు. 1687లో ఔరంగజేబు గోల్కొండను మింగాడు. 1864 నవంబరు 1న వచ్చిన ఉప్పెనలో ఒక్క రాత్రిలో ముప్పై వేల మంది పోయారు. అదే దశాబ్దాల్లో బెజవాడ ఆనకట్ట పూర్తయి కాలువలు తవ్వడంతో డెల్టా అంతా పచ్చబడింది. పచ్చబడ్డ డబ్బు ఎటు పోయింది? వరి డబ్బు రైసు మిల్లుల్లోకి, రైసు మిల్లుల డబ్బు సినిమాల్లోకి, సినిమాల డబ్బు రాజకీయాల్లోకి పోయింది. మగ్గం గుంట పక్క నుంచే పోయింది, లోపలికి మాత్రం రాలేదు. బ్రిటిష్‌వాడు పోయి డెబ్బై అయిదేళ్లు దాటింది. ఈ డెబ్బై అయిదేళ్ల ఖాతా కూడా వాడి పేర రాయడానికి మనకు కాస్త సిగ్గుండాలి.

పైగా బందరు వట్టి చేతులతో కూర్చున్న ఊరు కాదు. 1923లో పట్టాభి సీతారామయ్య ఆంధ్రా బ్యాంకును పెట్టింది ఈ ఊళ్లోనే. హెడ్డాఫీసు హైదరాబాదు వెళ్లింది, 2020 ఏప్రిల్ 1న బ్యాంకే యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది, ఇప్పుడు ఆ పేరు పాత పాసుపుస్తకాల అట్టల మీద మాత్రమే ఉంది. 1926లో ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీ మొదలైంది, 1983లో భారత్ ఎలక్ట్రానిక్స్ దాన్ని తీసుకుంది. అక్కడ చీకట్లో చూపు ఇచ్చే సాధనాలు సైన్యానికి తయారుచేస్తారు. ఊళ్లో చీకటి కనపడనిది మన నాయకులకే. ఇక చిలకలపూడి. అక్కడి రోల్డ్‌గోల్డ్ నగలు తెలుగునాట ప్రతి పెళ్లిలోనూ సగం బంగారంగా చెలామణీ అవుతాయి. పూత పని అంటే ఈ దేశంలో అదే అనిపించే నైపుణ్యం. ఆ నైపుణ్యాన్ని జిల్లా రాజకీయం బాగా గ్రహించింది. పలక మీద పూత వేస్తుంది, లోపల ఇత్తడి అలాగే ఉంటుంది.

ఇదంతా గన్నవరంలో కూర్చున్నవాడికెందుకు అని అడిగేవారుంటారు. ఎందుకంటే 2022లో జిల్లాలు చీల్చినప్పుడు బెజవాడ ఎన్టీఆర్ జిల్లాకు పోయి, పక్కనే ఉన్న మమ్మల్ని కృష్ణాలో ఉంచారు. విమానాశ్రయం మా ఊళ్లో, కలెక్టరుగారు బందరులో. ఢిల్లీకి వెళ్లడం సులువు, బందరు ఆఫీసులో సంతకం తెచ్చుకోవడం కష్టం. పైగా జిల్లాకు కొత్త పారిశ్రామిక భవిష్యత్తు అంటూ ఏది వచ్చినా మా చుట్టూనే గుమికూడుతుంది. కేసరపల్లిలో మేధా టవర్స్ కట్టారు. ఏళ్ల పాటు అద్దాల అంతస్తులు చాలా వరకు ఖాళీగానే మెరిశాయి. మల్లవల్లిలో పారిశ్రామిక పార్కు వచ్చింది. అశోక్ లేలాండ్ బస్సుల ప్లాంటుకు 2018లో శంకుస్థాపన, 2025లో ప్రారంభం. ఏడేళ్లు. బందరు లెక్కన ఇది రాకెట్ వేగమే కాబట్టి విమర్శించను.

కానీ ఆ ప్లాంటు వైపు చూస్తూ బెజవాడ ఆటోనగర్ వైపు కూడా ఒక కన్ను వేయమంటాను. ఆసియాలోనే పెద్దదని మనం ఛాతీ విరిచి చెప్పుకున్న ఆటోనగర్. ఒకప్పుడు కంపెనీ నుంచి ఒట్టి ఛాసిస్ రోడ్డు మీద వచ్చేది. క్యాబిన్ లేదు, అద్దం లేదు. తలకు తువ్వాలు, కళ్లకు గాగుల్స్, చెక్కపెట్టె మీద డ్రైవరు. ఆ అస్థిపంజరం ఆటోనగర్ షెడ్డులోకి దూరితే బయటికి వచ్చేసరికి నెమళ్లు, తామరపూలు, వెంకన్న బొమ్మ, వెనక ఒక నీతివాక్యంతో పెళ్లికూతురై వచ్చేది. వడ్రంగి, వెల్డరు, పెయింటరు, రేకు పనివాడు, సీటు కుట్టేవాడు అందరికీ దాని మీదే కూడు. ఇప్పుడు బాడీ కోడ్ నిబంధనలొచ్చాయి, కంపెనీలే బండిని పూర్తిగా కట్టి పంపుతున్నాయి. నిబంధనలు తప్పని నేననను, పాత బాడీల్లో ప్రాణాలు పోయిన ప్రమాదాలు చూశాం. కానీ ఆ షెడ్డుల్లోని చేతుల్ని కొత్త ప్లాంటుల్లోకి, కొత్త ప్రమాణాల్లోకి ఎలా తీసుకెళ్లాలో ఏ జీవోలోనూ ఒక్క పేరా రాయలేదు. ఇంకో రెండు వందల ఏళ్లకు ఎవరో ఒకరు వేదిక మీద నిలబడి ఆటోనగర్‌కు పూర్వవైభవం తెస్తామంటారు. అప్పుడు కూడా కొబ్బరికాయకు కొరత ఉండదు.

మళ్లీ పోర్టు దగ్గరికి రండి. పోర్టు వద్దని నేననడం లేదు. రావాలి, రేపే రావాలి. కానీ ఆ పోర్టు కోసమంటూ 2015లో వేల ఎకరాలకు భూసేకరణ నోటిఫికేషన్ వేశారు. రైతు ఆ భూమి అమ్ముకోలేక, బ్యాంకులో అప్పు పుట్టక, ఆడపిల్ల పెళ్లికి కుదువ పెట్టలేక నానా అగచాట్లు పడ్డాడు. ఓడ కనపడలేదు గానీ దాని నీడ మాత్రం పొలాల మీద ముందే పడింది. రిఫైనరీ వస్తుందని ఊరు ఆశపడింది, అది రామాయపట్నం వైపు తిరిగింది. రేపు బెర్తులు కట్టాక వాటిలో ఒకటి బొగ్గుకేనట. నాలుగు వందల ఏళ్ల కిందట ప్రపంచానికి ఎరుపు పంపిన ఊరు ఇక నలుపు దించుకుంటుంది. బొగ్గు దించుకోవడం తప్పు కాదు. కానీ తిరుగు ఓడలో ఏమెక్కిస్తారు? ఈ ప్రశ్న అడిగితే అనుబంధ పరిశ్రమలు, లాజిస్టిక్స్ హబ్, మారిటైమ్ క్లస్టర్ అని ఊపిరి ఆడకుండా చెబుతారు. అందులో ఏదీ మనిషి చేతితో తయారయ్యే వస్తువు పేరు కాదు.

అమెరికాలో డెట్రాయిట్ అనే కార్ల నగరం 2013లో దివాలా పిటిషన్ వేసింది. ప్రపంచమంతా అయ్యో అంది. బందరు అంతకంటే ఎన్నో రెట్లు పాత దివాలా. ఒక్క తేడా, డెట్రాయిట్ దివాలాను కోర్టు ఒప్పుకుంది. మన దివాలాను ఎవరూ ఒప్పుకోరు, మరో పూర్వవైభవం అప్పుగా ఇచ్చి వెళ్తారు.

ఇంత చెప్పాక, మీరేం చేయమంటారని మంత్రిగారి వైపు నుంచి ప్రశ్న రావచ్చు. రావాలనే కోరుకుంటున్నాను. ఉచితంగా ఓ సలహా ఇస్తాను, డీపీఆర్ అక్కర్లేదు. పెడన అద్దకపువాళ్లు గుడ్డ జాడించే పారే నీళ్లు కాలువవి. డెల్టా కాలువలు వేసవి వస్తే కట్టేస్తారు. గుడ్డ బాగా ఆరే ఎండలు సరిగ్గా ఆ నెలల్లోనే కాస్తాయి. నీళ్లున్నప్పుడు ఎండ చాలదు, ఎండ ఉన్నప్పుడు నీళ్లుండవు. మిగతా నెలల్లో ఆ కాలువలో నీళ్లతో పాటు ఊళ్ల మురికి కూడా వస్తుంది. పటిక ఆ మురికితో కలిస్తే ఎరుపు ఎరుపుగా మిగలదు. ఒక చెరువు తవ్వించి, శుభ్రమైన నీళ్లు పారే గట్లు కట్టించి, ఉడికించిన రంగు నీళ్లను శుద్ధి చేసే చిన్న ప్లాంటు పెట్టిస్తే చాలు. మీ పోర్టు ఖర్చులో అది లెక్కలోకి కూడా రాదు. చిరివేరు మళ్లీ నాటించాలని వ్యవసాయ శాఖకు ఒక కాగితం రాయండి. స్క్రీన్ ముద్రను, యంత్రపు ముద్రను పెడన కలంకారీ అని అమ్ముతున్న కొట్లను తనిఖీ చేయించండి, అధికారులు మొదట తమ ఇంట్లో బీరువాల నుంచి మొదలుపెట్టుకోవచ్చు.

ఇందులో శిలాఫలకానికి చోటు లేదని మీకు దిగులుంటే, చెరువు గట్టు మీద ఎంత పెద్ద రాయి కావాలంటే అంత పెద్దది పెట్టుకోండి, మీ పేరు బంగారు అక్షరాల్లో చెక్కించుకోండి. ఆ పూత చిలకలపూడిలో వేయించండి. అక్కడివాళ్లకైనా నాలుగు రోజులు పని దొరుకుతుంది.